ఆపా చెప్పిన దూరం

ఫిబ్రవరి 3, మంగళవారం
లావు పెన్నుతో రాస్తే పేజీకి ఆరు వరుసలే. అవైనా రేపు నేను చదవగలిగితే సంతోషం.
పొద్దున గ్రౌండు. లాన్ బౌల్స్, మొదలుపెట్టి మూడు నెలలు దాటింది. ఎనిమిది బంతులు వేశాను. చెయ్యి దాటాక బంతీ కనిపించదు, అది చేరాల్సిన చిన్న తెల్ల జాకూ కనిపించదు. జాక్ దగ్గర నిలబడి పక్కింటి రజియా ఆపా చెప్పాలి. జాక్ గడియారం నడుమ ఉన్నట్టు లెక్క — అవతల పన్నెండు, నా వైపు ఆరు.
"ఆరు గంటల దగ్గర, జానెడే సుజాతా!"
ఎనిమిదిలో ఆరు జానెడు లోపే. నేను!

ఫిబ్రవరి 8, ఆదివారం
పీఈటీ సారు ఫారం నింపారు. నాగర్‌కర్నూల్‌లో చూపు లేనివాళ్ల జట్టుకు సెలక్షన్లు, మార్చి 22. వనపర్తి నుంచి ముగ్గురం. దూరం చెప్పే మనిషిని డైరెక్టర్ అంటారట, ఆ గడిలో ఆపా పేరు. సినిమా డైరెక్టరైనంత సంబరం ఆమెకు.
బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దమనిషి — "కండ్లు కనబడనోళ్లకు ఆటెందుకమ్మా, ఇంట్ల కూసోరాదు." కూర్చున్నాను కదా, ఆరేళ్లు. చూపు తగ్గి కుట్టుమిషన్ మూలకు పెట్టినప్పటి నుంచి. ఇంకెన్నాళ్లు కూర్చోవాలట?

ఫిబ్రవరి 12, గురువారం
జానెడు. జానెడు. మూరెడు. జానెడు.

ఫిబ్రవరి 19, గురువారం
రంజాన్ రోజాలు మొదలు. ఉపవాసంతో ఎండలో నిలబడొద్దంటే ఆపా వినదు. వచ్చింది.
ఇవాళ ఏమైందో... "నాలుగు. రెండు గజాలు." "తొమ్మిది. గజంన్నర." ఒక్కటీ దగ్గరికి పోలేదు. చెయ్యి అదే, ఊపు అదే.

ఫిబ్రవరి 23, సోమవారం
మళ్లీ అంతే. మూడు గజాలు కూడా. ఉన్న కాస్త చూపూ పోతోందా... భయం పట్టలేక గద్వాల బస్సెక్కి కంటి డాక్టరు దగ్గరికి పోయాను. "ఏం మార్పు లేదమ్మా." మరి?

ఫిబ్రవరి 25, బుధవారం
తెలిసింది.
నా ఆట ఎందుకు పాడైంది ఆపా అని ఏడ్చాను. ఆపా జాక్ దగ్గర నుంచి నా దగ్గరికి నడిచొచ్చింది. తర్వాత — "నీ ఆట పాడు కాలే. మొదటి సంది గిట్లనే ఉండె. నీ మొఖం చిన్నబోతే చూడలేక జానెడంటుంటి. రోజా పట్టుకొని అబద్ధం ఎట్ల ఆడాలె?"
నాలుగు నెలలు! ఆమె చెప్పిన దూరాన్ని బట్టే కదా నేను చెయ్యి సరిచేసుకునేది. ఎవరడిగారు ఈ జాలి? బెంచీ మనిషే నయం, ఇంట్లో కూర్చోమని మొహం మీదే అన్నాడు. ఈమె నన్ను గ్రౌండులో నిలబెట్టి ఆడుతున్నావని నమ్మించింది. చంటిపిల్లనా నేను?

ఫిబ్రవరి 26, గురువారం
గోడ అవతలి నుంచి ఆపా పిలిచింది. తలుపేసుకున్నాను.

మార్చి 2, సోమవారం
మనిషిని మార్చమని సారును అడిగాను. "పేర్లు పైకి పంపినమమ్మా, ఇంక మారయ్. ఆమె రాకుంటే నీకూ ఆట లేదు."
నా ఆట మీద నాకే హక్కు లేదన్నమాట.

మార్చి 5, గురువారం
పోయాను. ఆపా నాకన్నా ముందే జాక్ దగ్గర ఉంది. గడియారం తప్ప వేరే మాట లేదు. "ఏడు. రెండు గజాలు." "ఏడు. గజంన్నర." ఎండిన గొంతు. కోపంగానే వేశాను, కోపంగానే సరిచేసుకున్నాను.

మార్చి 16, సోమవారం
"ఐదు. మూరెడు." ఆగి, మళ్లీ — "నిజంగ."
నమ్మలేదు. నడుచుకుంటూ పోయి, మోకాళ్ల మీద కూర్చుని జాక్ నుంచి బంతి దాకా మోచెయ్యి పెట్టి కొలిచాను. మూరెడే! నవ్వు ఆగలేదు. ఆమె వైపు తిరిగి మాత్రం నవ్వలేదు.

మార్చి 18, బుధవారం
సారు చెప్పారు — సెలక్షన్లలో వేసే చోటు వదిలి పోకూడదు, తడిమి చూడకూడదు. ఆపా మాటే దిక్కు.
ఆపాకేమో సంబరం. "శనివారం పండుగైతది. ఐతారం నిమ్మళంగ పోదాం. రోజా ఉండదు, గొంతెండదు."
రోజా ఉండదు.
"అక్కడ నా మొహం చూడకు ఆపా. బంతిని చూడు" అన్నాను.
"సరే బిడ్డా, ఉన్నదున్నట్టే చెప్త" అంది.
నాలుగు నెలలు జానెడన్నదీ ఈ గొంతుతోనే...