సాంచల ఆటకు అక్క పంపిన కొత్త కార్డులు

మస్కట్,
శుక్రవారం మధ్యాహ్నం

లక్ష్మక్కకు తమ్ముడు శ్రీను దండాలు పెట్టి రాసేది.

నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, బావ, అమ్మ, పిల్లలు అక్కడ చల్లగా ఉంటే నాకు అంతే చాలు. అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? మొన్న ఫోనులో అడుగుదామనుకునే లోపే లైను తెగిపోయింది. బావ దగ్గు తగ్గిందా? షెడ్డులోంచి చెమటతో వచ్చి నేరుగా కుండలో చల్లనీళ్లు తాగొద్దని నా మాటగా చెప్పు. నా గురించి బెంగ పెట్టుకోకండి. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. నిజంగానే చెబుతున్నాను, నవ్వకు.

నువ్వు పంపిన మూట చేరింది. కోరుట్ల ప్రభుదాసు సెలవు ముగించుకుని వస్తూ దాన్ని సంచిలో కాకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. విమానంలో పక్కాయన లోపల ఏముందని అడిగితే "మా దోస్తు వాళ్లక్క పంపిన ఆట" అన్నాడట. మామిడి తొక్కు మా గదిలో నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఎనిమిది మందిమి కదా. మళ్లీ ఎవరైనా వస్తుంటే రెండు సీసాలు పంపు, ఒకటి దాచిపెడతాను.

ఇక అసలు సంగతి. జగిత్యాలలో పెళ్లి పత్రికలు అచ్చేసే ఆయన నీ ఆట వేస్తానన్నాడని, కానీ నువ్వు పక్కన కూర్చుని చెప్పకుండా కొత్తవాళ్లు కాగితం చదివి ఆడగలిగితేనే వేస్తానన్నాడని రాశావు. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యే లోపు నియమాల కాగితం ఆయన చేతిలో పడాలి, ఆ తర్వాత మిషను ఖాళీ ఉండదు. ఆ రోజు నుంచి నాకు అదే ధ్యాస. నువ్వు పెట్టిన షరతు కూడా తప్పలేదు. కొత్త కార్డులు ఆడుతున్నంత సేపూ నోరు విప్పలేదు. నాకు ఇంతకంటే కష్టమైన పని ఈ దేశంలో ఎవరూ చెప్పలేదు.

ఆడినవాళ్లు ముగ్గురు. ఒకరు మన సిరిసిల్ల పోశమన్న. నీకు తెలుసు, మన వెనక గల్లీలో పన్నెండేళ్లు సాంచలు నడిపాడు. రెండోవాడు రాయికల్ నర్సాగౌడ్, ఊళ్లో ఈత చెట్లు గీసేవాడు, ఇక్కడ నాతో పాటే ఇనుప కడ్డీలు కడతాడు. మూడోవాడు ప్రభుదాసు. ఊళ్లో ఉన్నన్నాళ్లు వాళ్ల నాయనతో కలిసి కూలికి పోయినవాడు, లెక్కలో మాత్రం దిట్ట. పోశమన్నకు తప్ప మిగతా ఇద్దరికీ సాంచ అంటే బట్ట నేసే మరమగ్గమని కూడా తెలియదు. కొత్తవాళ్లంటే ఇంతకంటే కొత్తవాళ్లు నాకు దొరకరు.

పాత ఆట నేర్పడానికి ఒక శుక్రవారం పట్టింది. అప్పుడు మాట్లాడొచ్చు కనుక ఆశతీరా మాట్లాడాను. కరెంటు పోయి షెడ్డులో సాంచలన్నీ ఒక్కసారి ఆగిపోతే చెవుల్లో హోరు తగ్గేదాకా మనం కండెల గంప పక్కన కూర్చునేవాళ్లమని, నువ్వు చీరల డబ్బా అట్టలు కత్తిరించి బొమ్మలు గీసి ఆట కట్టావని చెప్పాను. ఎవరి ముందు వాళ్లు సాంచ కార్డులు పరుచుకోవాలి, ఒక మనిషి కార్డు నాలుగు సాంచల దాకా నడుపుతుంది, నడిచే సాంచ మీద నూలు కార్డు వేస్తే ఒక తాను బట్ట, ముందు పది తాన్లు ఎవరివైతే గెలుపు వాళ్లది. నూలు ఇచ్చే సేటు కార్డు పడితే నూలు ఆగిపోతుంది, కరెంటు కోత పడితే అందరివీ ఆగుతాయి. ఇంతే కదా అన్నాడు గౌడన్న. గంటలో రెండుసార్లు ఓడిపోయి, సేటును నోటికొచ్చినట్టు తిట్టాడు. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

మరుసటి శుక్రవారం అన్నాలు తిన్నాక ఫ్రిజ్జు అట్టపెట్టె బోర్లించి, దాని మీద తువ్వాలు పరిచి, నీ కొత్త కట్ట విప్పాను. అక్కా, ఏం గీశావే! కరెంటు కోత కార్డును కొత్తగా గీసి, మొత్తం నలుపు చేసి మూలన ఒక్క బుడ్డి దీపం పెట్టావు. నడవని సాంచలను పాత ఇనుము లెక్కన కొనే తుక్కు బేరగాడు తరాజు పట్టుకుని సాంచ వైపు చూడకుండా పక్కకు చూస్తున్నాడు. వాడు అట్లాగే చూస్తాడు, ఆ చూపు నీకెట్లా దొరికింది? నేను షెడ్డులో అంతకాలం ఉన్నాను, వాడి తరాజే చూశాను గానీ చూపు చూడలేదు. నువ్వు చదివింది ఏడో తరగతి. నిన్ను ఇంకా చదివించి ఉంటే ఏమయ్యేదానివోనని ఆ పూట చాలాసేపు అనుకున్నాను.

దుబాయి కార్డు ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి తిరిగింది. వీపు తిప్పుకుని నడిచిపోయే మనిషి, చేతిలో పెట్టె. ఏ దేశం పోయినా మన దిక్కు దుబాయే కదా, ఆ పేరే సరిపోయింది. పోశమన్న కార్డును వెలుతురుకు పెట్టి చూసి నా వైపు తిరిగాడు.

"గిది నువ్వే గాదుర? గా ఎడమ బుజం సూడు, ఎట్ల వంగిందో."

నేను నోరు విప్పలేదు. విప్పి ఉంటే ఏమనేవాడినో నాకూ తెలియదు.

కాగితం వాళ్లే చదువుకున్నారు. దుబాయి కార్డు వేస్తే నీ మనిషి కార్డు ఆట పక్కకు పోతుంది, అక్కడి నుంచి ప్రతి వరుసకూ, అంటే నీ వంతు వచ్చినప్పుడల్లా, సేటును అడగకుండా ఒక నూలు పంపుతుంది. కానీ మనిషి లేని సాంచలు ఆగుతాయి. అట్లా మనిషి లేకుండా మూడు వరుసలు ఆగితే తుక్కు బేరగాడి కార్డు ఉన్నవాడు వాటిని ఎత్తుకుపోవచ్చు. ప్రభుదాసు రెండోసారి చదివి తల ఊపాడు. "పోవుడు సులువే, ఆగుడే కష్టం" అని నవ్వాడు. నీ లెక్క ఎంత గట్టిదో అప్పుడే అతనికి అర్థమైంది.

ముందుగా దుబాయి వేసింది గౌడన్న. ఉన్నది ఒక్క మనిషి కార్డు, దాన్నే పంపేశాడు. నూలు వస్తోంది గానీ మూడు సాంచలు నిలిచిపోయాయి. ప్రభుదాసు చేతిలో బేరగాడు ఉన్నాడు, నేను వెనక నుంచి చూస్తున్నాను. రెండో వరుస అయింది. అప్పుడు పోశమన్న ఛాయ్ గ్లాసు కింద పెట్టి, తన మనిషి కార్డును జరిపి సగం తన సాంచల మీద, సగం గౌడన్న సాంచల మీద పడేట్టు పెట్టాడు.

గౌడన్న ఒక్కసారి లేచాడు.

"గిదేందే? నా సాంచల మీద నీ మనిషెందుకు? గుంజుకుంటవా?"

"గుంజుకునుడేంది గౌడన్నా? నీ మనిషి దుబాయి పాయె. సాంచలు ఆగినయి. నేను సూస్తున్న. తాను దిగితే నీదే."

"గట్లని కాగితంల ఏడున్నది?"

"కాగితంల ఎందుకుంటది? పక్కోడు ఛాయ్ తాగి అచ్చెదాక వాని సాంచ సూసుకోమని ఎవలన్న రాసిస్తరా?"

"మా దిక్కు నా చెట్టు ఇంకోడు ఎక్కిండంటే తలకాయలు పగుల్తయి!"

"చెట్టు ఆగదు గద గౌడన్నా. సాంచ ఆగుతది."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను సీలింగు వైపు చూశాను. ప్రభుదాసు కాగితం మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివాడు. ఒక మనిషి నాలుగు సాంచలు నడుపుతాడని ఉంది గానీ, అవి తనవే కావాలని ఎక్కడా లేదు. "అయితే చెల్లుతది" అని తీర్పు చెప్పాడు, తన చేతిలోని బేరగాడు వృథా అవుతున్నాడని తెలిసీ. ఒక మనిషి నాలుగే నడపగలడు కనుక గౌడన్న మూడు సాంచలు తిరుగుతుంటే పోశమన్న నాలుగింటిలో మూడు ఆగిపోయాయి. వాటి మీద మనిషి కార్డు ఉంది కనుక బేరగాడు ముట్టలేడు. గౌడన్నకు ఏడో తాను, ఎనిమిదో తాను, అట్లా పది దిగాయి. పోశమన్న తొమ్మిది దగ్గర ఆగాడు. ఓడినట్టే లేదు మనిషి. ఛాయ్ చల్లారిందని మాత్రం గొణిగాడు.

గౌడన్న తన పది తాన్లు ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు. తర్వాత లేచి వెళ్లి పోశమన్నకు మళ్లీ ఛాయ్ పెట్టుకొచ్చాడు. ఆ ఛాయ్ కాస్త ఒలికి సేటు కార్డు పొట్ట మీద మరక పడింది. ఇంకొకటి గీసి పంపు. పోశమన్న మాత్రం మరకతోనే బాగున్నాడంటున్నాడు.

అక్కా, ఆ రోజు నాకు తెలిసింది ఒకటుంది. నువ్వు ఆ నియమం మరిచిపోయి కాదు రాయనిది. పక్కవాడి సాంచ చూసుకోవడం కూడా రాయాలని నీకు తోచి ఉండదు. మనకు తెలిసిందే కదా. నేను వచ్చినప్పటి నుంచి నా రెండు సాంచలు బావ నడుపుతున్నాడు, ఎవరు రాసిచ్చారు ఆయనకు? కానీ రాయికల్ మనిషికి తెలియదు, జగిత్యాలలో కొనుక్కునేవాళ్లకూ తెలియదు. కనుక రాయి. ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్కటీ చేరిస్తే నీ ఆట ఎవరూ పక్కన లేకుండా నిలబడుతుంది. ఇది తమ్ముడిగా చెప్పే మాట కాదు. ఇప్పుడు పక్క గదివాళ్లు కూడా వచ్చి వరుసలో కూర్చుంటున్నారు, నాకు చోటు దొరకడం లేదు. నువ్వు చేసిన వస్తువు ముందు అంతమంది తలలు వంచి కూర్చోవడం చూస్తే నా ఛాతీ ఉబ్బిపోతోంది.

ఇంకొక్క లోపం ఉంది. అది కూడా గౌడన్నే పట్టాడు. మూడో ఆటలో మళ్లీ దుబాయి వేసి, నాలుగు వరుసలు నూలు తీసుకుని, "ఇగ చాలు, నా మనిషి ఇంటికి రావాలె, ఎట్ల?" అని అడిగాడు. కాగితం తిప్పి తిప్పి చూశారు. పోయే నియమం ఉంది, వచ్చే నియమం లేదు.

"మూడు నూలు ఇచ్చినంకనే రావాలె" అన్నాడు ప్రభుదాసు. "లేకుంటె అందరు పోయి అత్తరు, ఆట చెడిపోతది."

"నూలు దొరకకుంటె?" అన్నాడు గౌడన్న. "ఏం తేకుంట అస్తె ఊర్ల ఏమంటరు మల్ల?"

పోశమన్న కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "గిది మనం తెగ్గొట్టేది గాదు. లక్ష్మక్కనే రాయాలె" అన్నాడు.

కాగితం నిండిపోతోంది, అందరికీ ఇక్కడే చెప్పేస్తాను. అమ్మ కాళ్లకు దండాలు. బావకు నమస్కారాలు. పిల్లలిద్దరికీ ముద్దులు, చిన్నదాన్ని కార్డుల జోలికి రానివ్వకు, నములుతుంది. కొండగట్టు పోయినప్పుడు నా పేరు మీద ఒక కొబ్బరికాయ కొట్టించు.

ఇప్పుడు చెప్పేది అమ్మకు చదివి వినిపించకు. ఇక్కడ సైటులో పని తగ్గింది. నెలాఖరుకు కొందరిని ఇంటికి పంపుతారట. ఉంటామన్నవాళ్లు ఇంకో సైటు దొరికేదాకా గదిలో ఎదురుచూడొచ్చు, ఎన్నాళ్లో ఎవరూ చెప్పరు. పేర్ల కాగితంలో నేనూ ఉన్నాను. ఫోర్‌మన్ పోతావా, ఉంటావా అని అడిగితే ఆలోచించి చెబుతానన్నాను. మీకు చెప్పలేదు, సిగ్గేసింది. అక్కా, నాకు ఇంటికి రావాలని ఉంది. పెట్టె నిండా సామాను కొనుక్కుని రావాలనుకున్నాను, అది కుదిరేట్టు లేదు.

నువ్వే రాయాలని పోశమన్న అన్నాడు గానీ, ఆ నియమం నేనే ఒకటి రాసి చూశాను: "దుబాయి పోయిన మనిషి ఏ వరుసలోనైనా తిరిగి రావచ్చు. నూలు తేకపోయినా అతని సాంచ అతనిదే." నీకు సమ్మతమైతే దీన్ని కాగితం చివర చేర్చి ప్రెస్సుకు ఇవ్వు. ఆట చెడిపోతుందనుకుంటే కొట్టేయి, నేనేమీ అనుకోను, ఇక్కడే ఉండి ఇంకో సైటు చూసుకుంటాను. నువ్వు తిరుగు ఉత్తరం రాస్తే నెలాఖరు లోపు నాకు చేరదు. ఫోను చేసినప్పుడు ఒక్క మాట చెప్పు చాలు, చేర్చావో లేదో.

నీ దీవెన కోసం తల వంచి,
తమ్ముడు
శ్రీను