పేపర్ రోల్‌కి బొట్టు

తిరువూరు, గురువారం రాత్రి

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. మా ఫ్యాక్టరీలో కొత్త మిషన్ మీద వచ్చిన మొదటి పేపర్ రోల్‌ని పోయిన వారం నేనే ప్యాక్ చేశాను. మనిషెత్తు రోల్. రెండు చివరలా గుండ్రటి అట్టలు పెట్టి, చుక్క నీరు దూరకుండా ప్లాస్టిక్ చుట్టాను. ఓనరు గారు పక్కనున్న నెమలి ఊరి గుడి నుంచి పసుపు, కుంకుమ తెచ్చి, కవర్ కోయమన్నారు.

"పైన పెట్టండి సార్, కాగితానికి తడి తగలకూడదు," అన్నాను.

"ప్లాస్టిక్‌కి బొట్టేంటమ్మా? సరుక్కి పెట్టాలి గానీ!"

కాగితానికే పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు కూడా దానిమీదే చల్లారు. కోసిన చోట టేప్ అంటించి, ఫొటోలు దిగి, లారీ ఎక్కించారు.

ఇవాళ విజయవాడ నుంచి రోల్ తిరిగొచ్చింది. పొరలు అంటుకుపోయి బూజు పట్టాయి. "ప్యాకింగ్ చేసేది ఇలాగేనా?" అని ఓనరు గారు అందరి ముందూ నన్నే నిలదీశారు. అదీ ఆ పసుపు మరక పక్కన నిలబడి!

"సార్, ఆ రోజు పూజలో నీళ్ళు…" అన్నానో లేదో, "నీ తప్పు దేవుడి మీదకి నెడతావా?" అని అరిచారు. ఇక రేపు పన్లోకి రావద్దంటారేమో అనుకున్నాను…

అనలేదులే. రేపు ఇంకో రోల్ పంపాలట, ఈసారి ప్లాస్టిక్ రెండు పొరలు ఎక్కువ చుట్టాలట. వచ్చేటప్పుడు చూశాను, నా టేపు చుట్టల పక్కన కొబ్బరికాయ అప్పుడే తెచ్చి పెట్టేశారు.