చింపిన అచ్చు

కౌకూర్ హాస్టల్,
ఆదివారం

నాయినకు,

ప్రియమైన అని రాయబుద్ధి అయితలేదు. ఫోన్ చేస్తే మాట ఎత్తంగనే పెట్టేస్తవు, అందుకే రాస్తున్న. నీకు చదువు రాదు గద, అమ్మ చదివి వినిపిస్తది. పూర్తిగ విను.

శుక్రవారం మా కాలేజీల బొమ్మల ప్రదర్శన పెట్టినం. మిమ్మల్ని ఇద్దర్ని రమ్మన్నది నేనే. శామీర్‌పేట నుంచి బస్సుల వచ్చిన్రు. మా మెహ్జబీన్ మేడమ్‌ను మీకు చూపెడదామని పిలుచుకొచ్చేసరికి నా బొమ్మ అచ్చేసిన కాగితం రెండు ముక్కలై నీ చేతిల ఉన్నది. అమ్మ గోడకు ఆనుకొని నిలబడ్డది. అందరు చూస్తున్నరు. నువ్వు అట్లనే ఎల్లిపోయినవ్.

ఆ బొమ్మకు నాలుగు నెలలు పట్టింది. చెక్క మీద ఉలితోని గీత గీత చెక్కిన. బొటనవేలు రెండుసార్లు తెగింది. సిరా పూసి, కాగితం పరిచి, ప్రెస్సు తిప్పి అచ్చు తీసిన. దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్ల కదిలేటట్టు గూడ చేసిన. పక్కనే తెర మీద నడుస్తుండె. నీ చెయ్యి లేస్తది, అమ్మ మీద పడతది, మళ్ల లేస్తది.

సిగ్గయిందా? నాకు ఆరేండ్లప్పటి నుంచి అయితాంది. వల సరిగ్గ ఆరబెట్టలేదని అమ్మను కొట్టిన పొద్దు నేను తలుపెన్క నిలబడి చూసిన. ఎవ్వరికి చెప్పలే. ఇప్పుడు చెప్పిన.

ఒక్కటి చింపితే అయిపోతదా? చెక్క నా తాననే ఉన్నది. ఎన్నైనా అచ్చేస్త. సుచిత్ర చౌరస్తల ప్రతి గోడకు అంటిస్త. ఇగ నీ ఇంటికి రాను.

సుస్మిత


తుర్కపల్లి,
శుక్రవారం

బిడ్డా సుస్మితా,

నీ ఉత్తరం మీ నాయినకు చదివి వినిపించిన. నీ తిట్లన్ని నా నోటితోనే తిట్టించినవ్.

బొమ్మ చింపింది ఆయన కాదు. నేను. ఆయన ముక్కలు ఏరుతుండె, గంతే.

లోపలికి రాంగనే నా మొఖం కనవడ్డది. ఇద్దరు పోరగాండ్లు దాని ముందట నిలబడి "ఏడుపు మస్తు వచ్చిందిరా" అంటున్నరు. ఇంట్ల కొడితే జరసేపటికి ఆగుతుండె. నీ తెర మీద ఆయన చెయ్యి ఆగనే లేదు. నువ్వు తలుపెన్క ఉన్నవని ఆ పొద్దు నాకు తెల్వదనుకున్నవా? నీకు వినవడొద్దనే నోట్ల కొంగు కుక్కుకున్న. ఆ కొంగు గూడ చెక్కినవ్. నన్ను ఒక్క మాట అడిగినవా?

ఉత్తరం విని ఆయన "నేను చింపలేదని రాయి" అన్నడు. కొట్టలేదని రాయమనలే. అప్పుడు సూడు, ఇన్నేండ్లల్ల ఎన్నడు రాని కోపమొచ్చింది. "నీ దిక్కు సాక్ష్యం నేను చెప్పను" అన్న. తెల్లారి బట్టలు సదురుకొని మీ పెద్దమ్మ ఇంటికొచ్చిన. ఈడ ఒక క్యాంటీన్ల రొట్టెలు చేసే పని దొరికింది. ఆయన తానికి ఇగ పోను.

నీ బొమ్మ చూసి కండ్లు తెరిచిన్నని ఎవ్వరికి చెప్పకు. నీ మీద గూడ గంతే కోపమున్నది.

నన్ను చూడాల్నంటే ముందుగాల అడిగి రా.

జంగమ్మ