నాన్నా, బ్యాంకుకి వెళ్ళకండి

నాన్నా, ఇంటికి రాగానే మళ్ళీ బ్యాంకుకి బయల్దేరకండి. ఆ ఖర్చు మనది కాదని ఫిర్యాదు ఇస్తే మన గదే పోతుంది. మీ కార్డు స్టేట్‌మెంట్‌లో ఉన్న ఆ ముక్కూ మొహం తెలియని ట్రావెల్ కంపెనీకి డబ్బు కట్టింది అన్నయ్య కాదు, మీరే!

అమ్మ కంటి ఆపరేషన్‌కని ఆసుపత్రి పక్కన గది బుక్ చేశారు కదా. "డబ్బు తర్వాత కట్టొచ్చట" అని మురిసిపోయారు కూడా. ఆ 'తర్వాత' ఇప్పుడొచ్చింది, మీరిచ్చిన కార్డులోంచి వాళ్ళే డబ్బు తీసుకున్నారు. మీరు వాడిన యాప్‌ది ఒక పేరు, దాన్ని నడిపే కంపెనీది ఇంకో పేరు. స్టేట్‌మెంట్‌లో పడేది కంపెనీ పేరట.

నాకెలా తెలుసంటారా? మీరు ఛార్జింగ్‌కి పెట్టి వెళ్ళిన ఫోన్‌లోంచి వాళ్ళకి నేనే ఫోన్ చేశాను. అవును, చుట్టాలొస్తే తలుపు వెనక దూరే నేనే! అడగాల్సింది ముందు డైరీలో రాసుకుని, చివరిదాకా చదివేశాను. అవతలి ఆవిడ మీ బుకింగ్ నంబరు చూసి, "గది ఖాయమేనమ్మా, నిశ్చింతగా రండి" అంది.

నేను ట్యూషన్‌కి వెళ్తున్నాను. అమ్మ లేవగానే కంట్లో చుక్కలు వెయ్యండి.

మర్చిపోయాను. "షికార్లకి నా కార్డు వాడావు" అని మీరు అరిచినప్పటి నుంచి అన్నయ్య మీ ఎదుట అన్నం తినడం లేదు. మీరు లాక్కున్న బండి తాళం కొక్కేనికున్న మీ చొక్కా జేబులోంచి తీసి తనకి ఇచ్చేశాను. తిట్టాలంటే నన్నే తిట్టండి. ఇప్పుడు నాకూ మాట్లాడటం వచ్చు.