ఫ్రిజ్ తలుపు మీద కుడి కాలమ్

మార్చి 3, ఉదయం 7
231 వచ్చింది. కాగితం మీద 126 అని రాశాను.

ఎందుకు రాశానో ఇక్కడైనా చెప్పుకోవాలి. అక్కకీ నాకూ షుగర్ ఒకే ఏడాది బయటపడింది. ఫ్రిజ్ తలుపు మీద రెండు కాలమ్‌ల కాగితం అంటించింది తను. ఎడమది తనది, కుడిది నాది. లెక్కల టీచరుగా రిటైరైనా స్కేలు పెట్టి గీతలు గీయడం మానలేదు. అన్నం, రొట్టె, పండ్లు అన్నీ మానేసి గుడ్లూ ఆకుకూరలతో రోజుకు రెండు పూటలు సరిపెట్టుకుంటుంది. నేను అన్నీ తింటాను. కప్పుతో కొలిచి, కొంచెం కొంచెంగా, మూడు గంటలకోసారి. కోడిలా రోజంతా ఏరుకు తింటావేమే అని ఎగతాళి చేస్తుంది.

షుగర్ డాక్టరమ్మ రెండు దారులూ మంచివేనంది. ఎవరి ఒంటికి ఏది పడిందో మీటరు చెబుతుంది, దాని మాట వినండి అంది. అక్క వెంటనే పందెం కట్టింది. నెలాఖరుకి ఎవరి కాలమ్ బాగుంటే రెండోవాళ్లు నోరు మూసుకుని ఆ దారికి రావాలి.

నా కప్పు వారం నుంచి సింకు పక్కన బోర్లా పడి ఉంది. కంటికి ఆనినంత వడ్డించుకుంటున్నాను. చిన్నప్పటి నుంచీ అన్నిట్లో అక్కే ఫస్ట్. ఈ ఒక్కదాంట్లో నేను ఓడిపోను.

మార్చి 9
118 అని రాశాను. అసలుది ఇక్కడ కూడా రాయను.

మార్చి 31
గెలిచాను. అక్క రెండుసార్లు కూడి సగటు తీసింది. తనది 139, నాది 121. మాట తప్పే మనిషి కాదు. ఆరు నెలల తర్వాత అన్నం వండుకుంది. మొదటి ముద్ద కళ్లు మూసుకుని నమిలి, ఎంత బాగుందే అంది. చెప్పేయాల్సింది అప్పుడే. మంచినీళ్ల వంకతో లేచి వెళ్లిపోయాను.

ఏప్రిల్ 22
తన కాలమ్‌లో 180, 204, 217. ఎక్కడో నేనే తప్పు చేస్తున్నాను, నువ్వెలా కొలుస్తావో చూపించవే అని అడిగింది. కప్పు కడిగి తెచ్చి చూపించాను. సిగ్గు లేకపోతే సరి.

మే 17
కంట్లో నల్లదారంలాంటిది తేలుతోందని అక్క అంది. పదకొండేళ్లుగా కళ్లద్దాల షాపులో పనిచేస్తున్నాను. ఈ మాట ఎంతమంది కస్టమర్ల నోట విన్నానో! ఇవాళే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండని వాళ్లను తరుముతాను. అక్కకి మాత్రం అద్దాలు పాతబడ్డాయి, మారుద్దాంలే అన్నాను. డాక్టరు దగ్గరికెళితే అంకెలు అడుగుతారు. ఆ కాగితం తెమ్మంటారు.

మే 26
అక్క ఎడమ కంటి లోపల రక్తం చిమ్మింది. ఏమీ కనబడటం లేదు. రక్తం కరిగేదాకా ఏమీ చెప్పలేనన్నాడు కంటి డాక్టరు. ఇది ఒక్క నెలలో వచ్చింది కాదు, ఏళ్ల నుంచి లోపల ఉన్నదేనన్నాడు. ఆ మాటతో నాకు కొంచెం ఊపిరి ఆడింది. కానీ షుగర్ ఇలాగే ఉంటే రెండో కన్నూ ఇంతేనన్నాడు. ఈ రెండు నెలల్లో ఎందుకింత పెరిగిందని అడిగాడు. చెల్లెలి పద్ధతి మంచిదే, చేతకానిది నాకే అని అక్క చెప్పింది. నేను గోడ మీదున్న అక్షరాల చార్టు చూస్తూ నిలబడ్డాను. చివరి వరస దాకా చదవగలిగాను.

జూన్ 2
కుడి కన్ను కూడా మసకగా ఉందట. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తోంది. అరచెయ్యి గోడ మీద రాసుకునే చప్పుడు. అది షాపులోనూ వినిపిస్తోంది. లెన్సు అరగదీసే మెషిన్ ఆపి చూశాను. ఆగలేదు.

జూన్ 5
ఆర్డరు స్లిప్పు మీద 1.26 అని రాశానట. అలాంటి పవరు లోకంలో లేదు, 1.25 తర్వాత 1.50 వస్తుంది. పదకొండేళ్ల సర్వీసులో కొత్త పవరు కనిపెట్టావమ్మా అని ఓనరు పగలబడి నవ్వాడు. వెనక గదిలోకి వెళ్లి ఏడ్చాను.

జూన్ 9
ఇప్పుడు అక్క వేలికి సూది గుచ్చేదీ, అంకె చదివి చెప్పేదీ నేనే. ఇవాళ 268. ఉన్నదున్నట్టే చెప్పాను. మరి నీదెంతే అంది. నోరు దానంతటదే 122 అనేసింది.

అయితే ఇంకా గట్టిగా నీలాగే తింటాను అంది.

ఈ అంకెలతోనే అక్క రెండో కన్ను కూడా తీసేస్తాను నేను.

జూన్ 10
చెప్పాను. మార్చి 3 నుంచి మొత్తం.

అరవలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. వంద రోజులు అంది, మనసులోనే లెక్క కట్టి. ఒక్కరోజైనా నిజం రాయలేదా అని అడిగింది. లేదన్నాను. నల్లదారం కంటికి ప్రమాదమని నీకు ముందే తెలుసా అని కూడా అడిగింది. తెలుసన్నాను.

డాక్టరమ్మకి ఫోన్ చేసి ఇదంతా తన ముందే చెప్పమంది. చెప్పాను. మళ్లీ పాత తిండికి మారితే మాత్రలు తగ్గించాలి, లేకపోతే షుగర్ మరీ పడిపోతుంది, వెంటనే తీసుకురండి అంది డాక్టరమ్మ. దారి పొడుగునా అక్క నా చెయ్యి పట్టుకోలేదు. ఆటోడ్రైవర్ చెయ్యి పట్టుకుని దిగింది.

జూన్ 14
పై వాటాలోని నర్సు వచ్చి అక్క మీటరు చదివింది. 171. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను.

తర్వాత అక్క తడుముకుంటూ నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి దొరకబుచ్చుకుని, వేళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి, నాలుగో వేలికి తనే గుచ్చింది. నెత్తురు వచ్చిందో లేదో బొటనవేలితో రాసి చూసుకుంది. గట్టిగా చదవమ్మా అంది నర్సుతో.