కళింగపట్నం బీచ్‌లో బుట్టల బేరం

బావా,

ఫోన్ చేస్తే ముందు నీ తిట్లు వినాలి కాబట్టి, ఈ ఉత్తరం ఆటో భాస్కర్‌తో పంపుతున్నాను.

బీచ్ చూపించమని నువ్వు నాతో పంపిన మీ ఆఫీసరు గారి భార్యను నేను తిట్టలేదు. మా తాతమ్మ అల్లి బీచ్‌లో అమ్ముతున్న తాటాకు బుట్టను ఆవిడ సగం ధరకు అడిగితే, "శ్రమను దోచుకోవడానికా ఇంత దూరం వచ్చారు?" అన్నాను, అంతే. ఆవిడ బుట్ట అక్కడే పెట్టేసి కారెక్కారు.

తాతమ్మ మెచ్చుకుంటుందనుకున్నాను. "నిన్నెవులు పిలిసినార్రా? బేరమాడతారనే కదేటి నేను ఎక్కువ సెప్పీది! ఇప్పుడు నువ్వే కూకోని అమ్ము" అని గోనెపట్టా చూపించింది.

కూర్చున్నాను. ఒకటే ధర చెప్పి, కరపత్రాల్లో చదివినదంతా కలిపి శ్రమ విలువ గురించి వివరించాను. జనం పాపం ఓపిగ్గా విని, పక్క కొట్టులో ప్లాస్టిక్ దండలు కొనుక్కున్నారు.

"ఆయమ్మ ఉంటే ఎంత బాగున్ను! గట్టిగా బేరమాడే మనిషి సుట్టూ పదిమంది మూగుతారు. నీ మీద ఈగైనా వాలనేదు" అంది తాతమ్మ.

బుట్టలన్నీ అలాగే ఉన్నాయి. రేపు సాయంత్రం ఆవిడను ఎలాగైనా మళ్లీ తీసుకురా బావా. దోపిడీ గురించి నా అభిప్రాయం మారలేదు, క్షమాపణ కూడా చెప్పను. కానీ ఆవిడ సగానికి అడిగినప్పుడు, తాతమ్మ గుండె బాదుకున్నప్పుడు, నేను సముద్రం వైపు తిరిగి నిలబడతాను.

నీ బామ్మర్ది