అక్క ఉన్న పిల్లకే చోటు

లాల్మతీ, 18-1-61

అన్నయ్యా, నేను కులాసా. ఈ దీవిలో గాలివాన కబురు విని దొడ్డమ్మ బెంగపడుతోందని రాశావు. అది నిరుటి మాట, భయం లేదని చెప్పు.

ఆ గాలికి కూలిన బడి గదులు ఇంకా లేవలేదు. ఒకటో తరగతికి పిల్లలు ఎక్కువ, చోటు తక్కువ. అక్కో అన్నో అదే బడిలో ఉంటే ముందు చోటిస్తారు, తరవాత ఇల్లు దగ్గరున్నవాళ్లకు. చెరకు తోటల అవతల ఉండే నాగమ్మ తన కూతురు గౌరిని తెచ్చి, "దీని అక్క తులసి ఇక్కడే సదువుతాది, మిస్యే" అని హెడ్మాస్టరుతో అంది; ఇక్కడ అయ్యగారిని మిస్యే అంటారు. తులసి నాగమ్మ మొగుడి అన్నగారి కూతురు. తెలుగు పంతుల్ని కదా అని హెడ్మాస్టరు నన్ను పిలిచి, సొంత అక్కేనా అని అడిగాడు. మా లెక్కన అక్కే, మీ లెక్కన కాదు అన్నాను. ఆయన తన లెక్కే చూసుకున్నాడు. ఆఖరి చోటు బడి పక్కింటి పిల్లవాడికి పోయింది. నాగమ్మ నన్ను తిట్టలేదు. "ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. అక్క కాదంటే తులసి దీనికేటవుతాది, గురువుగారూ?" అని అడిగి వెళ్లిపోయింది.

ఒకటో వాచకం ఒకటి ఓడలో పంపు, గౌరికి సాయంత్రాలు నేనే అక్షరాలు దిద్దిస్తున్నాను. నూతి పూడిక తీయించారా? పెదనాన్నకు కాలివాపు తగ్గిందా? ఆయనకూ దొడ్డమ్మకూ నా దండాలు.

నేను ఓడ దిగిన రోజు, తోబుట్టువులున్నారా అని దొరలు అడిగితే, అన్న ఉన్నాడని నీ పేరే చెప్పాను. పెదనాన్న కొడుకువా అని వాళ్లు అడగలేదు, చెప్పాలని నాకూ తోచలేదు.

నీ తమ్ముడు,
అప్పయ్య